మూడోసారి వేసిన పాచిక

ప్రొద్దుటూరులో మా స్నేహితుడి బట్టల అంగడి మేడమీద ఒక గది ఉండేది. పండగలకు ముందు తెప్పించిన తాన్లు, మడత విప్పని చీరల కట్టలు గోడల పొడవునా పేర్చి ఉండేవి. గదంతా గంజి వాసన. ఆదివారం మధ్యాహ్నాలు ఆ కట్టలను పక్కకు జరిపి, నడుమ చాప పరుచుకుని, మేం నలుగురం ఆట ఆడేవాళ్లం.

నలుగురంటే నేను, నా భార్య, ఆ అంగడి స్నేహితుడు, నా భార్య స్నేహితురాలు. నేను జమ్మలమడుగులో సర్కారు బడిలో లెక్కల మాస్టరును. నా భార్య అదే ఊళ్లో ఒక మందుల షాపులో పని చేస్తుంది. అంగడి స్నేహితుడిది తాత నాటి నుంచి బట్టల వ్యాపారం. నాలుగో ఆమె పులివెందులలో పశువుల ఆసుపత్రి ఉద్యోగి. లింగాల దారిలో ఒక పల్లెలో ఉంటుంది. వాళ్ల నాయనకు గొర్రెల మంద ఉంది. నా భార్య, ఆమె కడపలో చదువుకునే రోజుల్లో ఒకే హాస్టలు గదిలో ఉండేవాళ్లు. ఆదివారం పొద్దున ఆమె బస్సెక్కి ప్రొద్దుటూరు వచ్చేది. మేం మోటారుసైకిల్ మీద పోయేవాళ్లం.

ఆ ఆటను నేను బెంగళూరులో పదిరోజుల శిక్షణకు పోయినప్పుడు నేర్చుకున్నాను. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు కథలో ఒక్కో మనిషిని తీసుకుని, ఆ మనిషి ఏం చేస్తాడో, ఏం మాట్లాడతాడో చెబుతారు. గోడ దూకడం, తాళం తీయడం, ఎదుటివాణ్ణి ఒప్పించడం లాంటివి అవుతాయో కావో తేలనప్పుడు ఇరవై ముఖాల పాచిక వేస్తారు. ఎక్కువ పడితే అయినట్టు, తక్కువ పడితే కానట్టు. మా కథలు నడిపేది నేనే. కథలో కొండలు, వాగులు, కోటలు అన్నీ మా చుట్టుపక్కలవే.

గోడ దూకడానికి పాచిక వేస్తే ఎవరికీ పేచీ ఉండదు. పేచీ అంతా ఒప్పించడం దగ్గరే వచ్చేది. మా అంగడి స్నేహితుడు మాటకారి. ఒక్క చీర కొనడానికి వచ్చినామె మూడు సంచులతో మెట్లు దిగేది. "ఇంత బాగా మాట్లాడినా కదప్పా, మళ్లా పాచిక ఎందుకు?" అనేవాడు. నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. పశువుల ఆసుపత్రి ఆమె రెండు మాటల్లో తేల్చేసే మనిషి. మాట రానివాళ్లకు పాచిక తోడుండాలి, లేకపోతే ప్రతి ఆదివారం నోరున్నవాడే గెలుస్తాడు అని నా వాదన. ఆ వాదన ఇప్పటికీ తప్పనుకోను. నేను చేసిన తప్పు వేరే.

ఆ ఏడు ఎండలు ముదరకముందు సంగతి. అంతకు రెండు వారాల ముందు వేముల రోడ్డులో మందను దాటిస్తుండగా కారు తగిలి పశువుల ఆసుపత్రి ఆమె నాయనకు కాలు విరిగింది. మూడు గొర్రెలు అక్కడే చచ్చిపోయాయి. పశువులకు టీకాలు వేసే పని మీద వేముల పోయి స్కూటరు మీద తిరిగొస్తున్న ఆమె అదంతా కళ్లారా చూసింది. నేను, నా భార్య ఆసుపత్రికి పోయి పెద్దాయన్ను చూసి వచ్చాం. కారు ఎవరిదో ఆమె చెప్పలేదు. మేమూ అడగలేదు. రెండో ఆదివారమే ఆమె ఆటకు వచ్చింది. ఇంట్లో ఉంటే ఊపిరాడడం లేదని నా భార్యతో అన్నదట. ఆ మాటను నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఆ రోజు కథలో పెన్న గట్టున ఒక కోట. బయట శత్రువుల దండు. లోపల నలభైమంది తలదాచుకున్న జనం. పెద్ద తలుపు తాళంచెవి ఆమె తీసుకున్న మనిషి దగ్గర ఉంది, ఆడ కావలిమనిషి. అంగడి స్నేహితుడు తీసుకున్నది రాయబారిని. తలుపు తీసి దండునాయకుణ్ణి లోపలికి రానిస్తే మాటలతో గొడవ తెగిపోతుందని రాయబారి ఆశ. తీయనని కావలిమనిషి.

అతను మొదటిసారి ఒప్పించడానికి పాచిక వేశాడు. ఏడు పడింది. కాలేదు.

"ఇంగో మాట చెప్తా ఉండండి," అని గొంతు తగ్గించి, లోపలున్న చంటిబిడ్డల గురించి చెప్పుకొచ్చాడు. మళ్లీ వేశాడు. పదకొండు. కాలేదు.

"ఇంగొక్కసారి అప్పా," అని నా వైపు చూశాడు. నేను వద్దనాల్సింది. అతను అంత బాగా చెబుతుంటే వినాలని నాకే ముచ్చటగా ఉంది. "సరే, కానీ," అన్నాను. మూడోసారి ఇరవై పడింది. అతను చాప మీద చరిచి నవ్వాడు.

"ఇరవై," అన్నాను. "కావలిమనిషి ఒప్పుకుంది."

"నేను ఒప్పుకోలా," అంది ఆమె.

"నువ్వు కాదమ్మా, నీ కావలిమనిషి."

"ఆయమ్మ కూడా ఒప్పుకోలా."

నేను పాఠం చెప్పే గొంతుతో, పాచిక అందరికీ ఒకటే కదా, నువ్వు వేసినప్పుడూ మేం ఒప్పుకుంటాం కదా అన్నాను. ఆమె మాట్లాడలేదు. మౌనాన్ని సరే అనుకుని నేను కథ ముందుకు నడిపాను. ఆమె చేతులతోనే తాళం తీయించాను. గడియ చప్పుడు కూడా నోటితో చేసి వినిపించాను. దండు లోపలికి వచ్చింది.

ఆమె తన కావలిమనిషి వివరాలు రాసుకున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చాప మీద ఉంచింది. "బస్సుకు టైమైంది సార్," అని లేచింది. అప్పటికి మూడున్నర కూడా కాలేదు. ఆమె బస్సు అయిదుంబావుకు.

మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు వినిపించింది. అంగడి స్నేహితుడు అవసరం లేకపోయినా ఒక చీరల కట్టను విప్పి మళ్లీ సర్దుతూ ఉన్నాడు. ఇంటికి పోయే దారిలో నా భార్య వెనక కూర్చుని ఒక్కటే మాట అంది. "మీరిద్దరూ కలిసి దాన్ని పడగొట్టినారు."

"ఆట కదా," అన్నాను.



తర్వాత రెండు ఆదివారాలు పశువుల ఆసుపత్రి ఆమె రాలేదు. ఫోను చేస్తే నా భార్యతో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేది. మూడో వారం, శనివారం ఒంటిపూట బడి వదిలే వేళకు గేటు బయట ఒక కారు ఆగి ఉంది. అంగడి స్నేహితుడు దిగాడు. వెనక సీట్లో అరవై దాటిన పెద్దమనిషి, అతని మేనమామ. తెల్ల చొక్కా, గడ్డం గీయక రెండు రోజులైన ముఖం. నాకు నమస్కారం పెట్టాడు. వయసులో అంత పెద్దాయన అలా పెట్టడం నాకు ఇబ్బందిగా తోచింది.

అప్పుడు తెలిసింది. వేముల రోడ్డులో తగిలిన కారు ఆయనదే. నడిపింది ఆయన కొడుకు. పక్కన డ్రైవరు కూర్చుని ఉన్నాడు. ప్రమాదం జరిగినప్పుడు కొడుకు స్టీరింగు దగ్గర నుంచి దిగడం ఆమె చూసింది, పోలీసులకు అదే చెప్పింది. కొడుక్కు సర్కారు ఉద్యోగం చేతికందబోతోంది. ఉద్యోగం ఇచ్చేముందు పోలీసులు చేసే విచారణ ఒక్కటే మిగిలింది. ఈ కేసు ఉంటే అది పోతుంది.

"డ్రైవరే నడిపినాడని ఆ పాప ఒక్క మాట అంటే చాలు సార్," అన్నాడు మేనమామ. "డ్రైవరు కూడా సరేనన్నాడు. వాళ్ల నాయనను మేం చూసుకుంటాం. మా పిల్లోడు తాగల్యా, వేగంగా పోల్యా. మంద అడ్డమొచ్చింది. వాని బతుకు పోతాది సార్."

"నీ మాటైతే వింటాదప్పా," అన్నాడు స్నేహితుడు. "నువ్వు సార్‌వి. నీ మీద గురి ఆమెకు."

నేను అప్పుడే కాదనాల్సింది. అనలేదు. నా మాట వింటుంది అన్నది నాకు తీయగా తగిలింది. మేనమామ కళ్లు చూస్తే జాలి కూడా వేసింది. మరునాడు పోదామన్నాను. ఇంటికొచ్చి చెబితే నా భార్య వంటగదిలోంచి బయటికి వచ్చి నిలబడింది.

"ఏమని చెప్తావు పోయి? అబద్ధం చెప్పమనా?"

"ఊరికే మాట్లాడి చూస్తా."

"ఊరికే మాట్లాడేదానికి ముగ్గురు మొగోళ్లు కారేసుకుని పోతారా?"

అయినా పోయాను.

ముద్దనూరు మీదుగా పోయాం. కారు నడుపుతున్నది స్నేహితుడే. ప్రమాదం చేసిన కారు పోలీసుల దగ్గరే ఉందట, ఇది వేరేది. దారి పొడవునా మేనమామ ఎవరు ఎప్పుడు మాట్లాడాలో చెబుతూ వచ్చాడు. మొదట తాను క్షమాపణ అడుగుతాడు. తర్వాత మేనల్లుడు పరిస్థితి వివరిస్తాడు. తర్వాత ఆమె నాయనే ఒక మాట అంటాడు. "ఆయప్పతో మాట్లాడే ఉండాం," అన్నాడు. చివర నేను. కిటికీలోంచి అరటి తోటలు, చీనీ తోటలు పోతున్నాయి. నేను చెప్పాల్సిన మూడు వాక్యాలు మనసులో మళ్లీ మళ్లీ అనుకుంటున్నాను. పులివెందుల దాటి లింగాల దారి పట్టాం.

ఆమె ఇల్లు పల్లె చివర. ముళ్లకంప కట్టిన దొడ్డి, అందులో గొర్రెలు. వసారాలో మంచం మీద ఆమె నాయన, కాలికి తొడదాకా కట్టు. ఆమె మమ్మల్ని చూసింది. లోపలికి పోయి ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పెట్టి తెచ్చి వేసింది. నన్ను చూసినప్పుడు మాత్రం కుర్చీ పట్టుకుని ఒక క్షణం ఆగింది.

మేనమామ క్షమాపణ అడిగాడు. నిజంగానే అడిగాడు. తర్వాత స్నేహితుడు అందుకున్నాడు. అంత బాగా మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు. ఎవరినీ తిట్టలేదు, ఎవరినీ బెదిరించలేదు. కాలు విరిగిన బాధను తన బాధలా చెప్పాడు. ఒక చిన్నవాడి బతుకు ఒక్క మాట మీద ఎలా వేలాడుతోందో చెప్పాడు. డ్రైవరుకు పెద్ద శిక్ష పడదని, వకీలు కూడా అదే అన్నాడని చెప్పాడు. వింటుంటే నాకే ఒప్పుకోవాలనిపించింది.

ఆమె గోడకానుకుని నిలబడి వింది.

పెద్దాయన మంచం మీద కొంచెం లేచి కూర్చున్నాడు. "నా కాలు ఇరిగింది మ్మా. నేనే చెప్తాండా. వదిలేయ్."

"నీ కాలు నువ్వు వదిలేయ్ నాయనా," అంది ఆమె. "నా కండ్లు యాడ వదిలేసేది?"

దొడ్డిలో ఒక గొర్రెపిల్ల అరిచింది. అందరూ నా వైపు తిరిగారు.

 "అమ్మా, నీ కష్టం మాకు..." అని మొదలుపెట్టాను. మిగతా మాటలు ఉన్నాయి, నోట్లోనే ఉన్నాయి. ఆమె నా వైపే చూస్తోంది.

"సార్, వీళ్లు రావడం ఇది ఎన్నోసారో మీకు తెలుసునా?"

తెలియదన్నాను.

"ఈ పెద్దాయన వచ్చింది నాలుగోసారి. మా పెదనాయనను పంపిచ్చినారు, రెండుసార్లు. మా ఆసుపత్రికి వచ్చి డాక్టరుతో చెప్పిచ్చినారు. మా మేనత్తతో ఫోన్లు చేయిచ్చినారు. ఒక్కసారన్నా కొత్త మాట చెప్తారేమో అని నేనూ ఇంటాండా. అదే మాట. నాది అదే జవాబు. ఎప్పుడో ఒకనాడు నాకు ఓపిక చచ్చిపోయి సరే అంటానని చూస్తాండారు, అంతే. ఇప్పుడు మీరొచ్చినారు."

తలుపు తెరిపించిన ఆదివారం నా ముందుకొచ్చి నిలబడింది. ఏడు, పదకొండు, ఇరవై. పడేదాకా వేయనిచ్చింది నేనే. పడ్డాక నీకిష్టం లేకపోయినా నువ్వు ఒప్పుకున్నట్టే అని చెప్పింది నేనే. అప్పటికి ఆమె ఇంటికి వీళ్ల రాకపోకలు మొదలై ఎన్ని రోజులైందో. ఊపిరాడక బస్సెక్కి వచ్చిన మనిషికి మేడమీద కూడా అదే చేసి పంపాను. 

మేనమామ వైపు తిరిగి, "ఆయమ్మ చెప్పేసింది కదా. పోదాం పదండి," అన్నాను.

ఆయన అర్థం కానట్టు చూశాడు. "సార్, నిన్ను పిలుచుకొచ్చింది ఈ మాట చెప్పేదానికా?"

"కాదని ఎన్నోసార్లు చెప్పింది. మళ్లీ అడగడం నా చేత కాదు."

స్నేహితుడు లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. అతని ముఖం అంత ఎర్రగా నేను చూడలేదు. "నువ్వు మాట్లాడకపోతే పాయె. మాకు అడ్డం పడతాండావేంది? నీకేమప్పా, నీ ఇంటి పిల్లోడా? తీర్పులు చెప్పేకి నువ్వెవురు?"

 కొడతాడనిపించింది. కొట్టలేదు. అతను తన మేనమామ చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు. కారు తిప్పుకునేటప్పుడు దుమ్ము లేచి వసారాలోకి వచ్చింది. నన్ను ఎక్కమని వాళ్లు అనలేదు, నేనూ పోలేదు.

పెద్దపని చేశానని ఒక్క నిమిషం నాకు అనిపించింది. ఒక్క నిమిషమే. మంచం మీద నుంచి పెద్దాయన అడిగాడు. "సార్, వేములలో ఆయప్ప చేలు ఉండాయి. చెనక్కాయ పీకినాంక ప్రతి ఏడూ నా జీవాలు ఆడనే మేస్తాయి. రేపట్నుంచి యాడ మేయాల? మీరు చెప్పండి."

గద్దించి అడగలేదు. జవాబు తెలుసుకోవాలని అడిగాడు.  ఆయన కాసేపు నా ముఖం చూసి ముఖం అటు తిప్పుకుని పడుకున్నాడు.

బస్సుకు ఇంకా గంట ఉంది. ఆమె నన్ను రోడ్డు దాకా తోడొచ్చింది. బస్సు షెడ్డు కింద నిలబడి తనంతట తాను మాట్లాడింది.

"సార్, శుక్రవారం ఆ డ్రైవరు వచ్చినాడు. ఒంటిగా. మజ్జిగిస్తే తాగినాడు. నేను నడిపినానని చెప్పమ్మా, నీకు దండం పెడతా అన్నాడు. నువ్వట్ల చెప్పకపోతే నా పని తీసేస్తారు, నాకు ఇద్దురు బిడ్డలు అన్నాడు. ఈళ్లందరికీ కాదని చెప్పేకి నాకు ఒక్క నిమిషం పట్టలా. ఆయప్పకు చెప్పేకి నోరు రాల్యా. అరగంట అట్లే కూచున్యా."

"చివరికి?"

"కాదనే చెప్పినా. ఆయప్ప గ్లాసు కడిగి పెట్టి పోయినాడు సార్. మనింటికి వచ్చినోళ్లు గ్లాసు కడుగుతారా?" అంది ఆమె. "ఆ పొద్దు నుంచి నిద్ర పట్టల్యా. నేను చేసింది మంచిదో చెడ్డదో మీరన్నా చెప్తారేమో అనుకుంటి. మీరు ఆళ్లతో కలిసి వచ్చినారు."

క్షమించమన్నాను. ఆమె తల ఊపింది. క్షమించిందో లేదో ఆ ఊపులో తెలియలేదు. బస్సు వచ్చింది.

ఆ వేసవి వాళ్లకు కష్టంగా గడిచింది. వేముల చేలల్లో మందను దిగనివ్వలేదు. దగ్గరి బంధువు ఒకతను మందను తోలుకుని పెండ్లిమర్రి వైపు పోయాడు. దారిలో నీళ్లు దొరక్క కొన్ని జీవాలు పోయాయి. ఆమె పొద్దున ఆసుపత్రి, సాయంత్రం నాయన. నా భార్య సెలవు దొరికినప్పుడల్లా పోయి వచ్చేది. నేను పోవడానికి మొహమాటపడేవాణ్ణి.

ఆట ఆగిపోయింది. అంగడి మేడ మాకు లేదు. స్నేహితుడు ఫోను ఎత్తడం మానేశాడు. ఒకసారి ప్రొద్దుటూరు బజారులో ఎదురుపడితే తల తిప్పుకుని నగల అంగడి మెట్లెక్కాడు. పన్నెండేళ్ల స్నేహం. నా పెళ్లి బట్టలు అతను కొలతలు తీయించి కుట్టించినవి. అతను చేసింది తప్పని తెలిసీ అతని కోసమే ఎక్కువ బాధపడ్డాను, అది నా భార్యకు నచ్చేది కాదు.

వానాకాలంలో ఒకనాడు నేను ఆట నియమాలు రాసుకున్న పుస్తకం తీసి కూర్చున్నాను. ఒప్పించడం గురించి కొత్త నియమం రాయాలని. మొదట రాసింది బాగాలేదు. ఒప్పించడానికి పాచికే వద్దని రాశాను. నా భార్య చదివి, "అయితే నోరున్నోడిదే రాజ్యమా మళ్లా?" అంది. కొట్టేశాను. కథలో ఊరికే వచ్చిపోయే మనుషుల మీద పాచిక వేయవచ్చు, మనలో ఒకరు తీసుకున్న మనిషి మీద వేయకూడదు, ఆ మనిషి ఏం చేస్తుందో ఆ మనిషిని తీసుకున్నవాళ్లే చెప్పాలి అని రాశాను. ఒకసారి కాదంటే, కథలో ఏదో ఒకటి నిజంగా మారేదాకా మళ్లీ అడగకూడదు అని రాశాను.  నా భార్య ఆ కాగితాన్ని ఫోటో తీసి పులివెందులకు పంపింది.

రెండు రోజులకు జవాబు వచ్చింది. "అడిగేటోడు తనేమి పోగొట్టుకుంటాడో ముందు చెప్పాల. అది కూడా రాయండి సార్." రాశాను. దసరా సెలవుల్లో ఆమె జమ్మలమడుగు వచ్చింది. మా ఇంట్లో వంటగది పక్క చిన్న గదిలో ముగ్గురం ఆడాం. ఆమె కొత్త మనిషిని తీసుకుంది, పడవ నడిపే ముసలామె. బాగా ఆడింది. ఒకటి రెండుసార్లు నవ్వింది కూడా.

కేసు పులివెందుల కోర్టులో పిలుపుకు రావడానికి మరో ఏడాది పైనే పట్టింది. ఆమె సాక్ష్యం ఉన్న రోజు నేను, నా భార్య పోయాం. పెద్దాయన చేతికర్ర పట్టుకుని నడుస్తున్నాడు. వరండాలో ఒక పక్క మేం, ఇంకో పక్క వాళ్లు. నడుమ పది అడుగులు. మేనమామ, ఆయన కొడుకు, స్నేహితుడు, డ్రైవరు. కొడుకును నేను చూడటం అదే మొదలు. సన్నటి కుర్రాడు, గోళ్లు కొరుకుతున్నాడు. ఉద్యోగం ఆగిపోయిందని, ఇంకా తేల్లేదని విన్నాం.

ఆమెను లోపలికి పిలిచారు. మేం వెనక బెంచీ మీద కూర్చున్నాం. వాళ్ల వకీలు చాలా ప్రశ్నలు వేశాడు. ఎంత దూరంలో ఉండావు, ఎండ కళ్లల్లో పడలేదా, మీ నాయన కింద పడితే ఆయన్ను చూస్తావా కారును చూస్తావా. ఒకే ప్రశ్నను నాలుగు రకాలుగా తిప్పి తిప్పి అడిగాడు. ప్రతిసారీ ఆమె, "స్టీరింగు కాడ నుంచి ఆ పిల్లోడే దిగినాడు సార్," అంది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. నా పక్కన నా భార్య చీర కొంగును మెలిపెడుతూ ఉంది.

ఇంకో వాయిదాకు డ్రైవరు బోనెక్కాడు. నేనే నడిపినా అన్నాడు. ఆమె వైపు చూడలేదు.

కొన్ని నెలలకు తీర్పు వచ్చింది. ఎవరు నడిపారో అనుమానానికి తావు లేకుండా తేలలేదని కుర్రాణ్ణి వదిలేశారు. మేనమామ కోర్టు మెట్ల మీదే కూర్చుండిపోయి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. ఆమె నాయన అది చూసి, "పోనీలే, ఆయప్పకైనా నిమ్మళమాయె," అన్నాడు.  చేయగలిగింది చేసేశానన్నట్టు ఆమె చేతిసంచిలో నీళ్ల సీసా వెతుక్కుని తాగింది.

మేం గేటు దాటుతుండగా స్నేహితుడు వెనక నుంచి వచ్చాడు. నేను ఆగిపోయాను. అతను నన్ను చూడలేదు. తిన్నగా ఆమె ముందుకు పోయి నిలబడ్డాడు. చాలా చిక్కిపోయాడు.

"మేడం, ఆ పొద్దు డ్రైవరును మీ ఇంటికి పంపిచ్చింది నేనే," అన్నాడు. "ఎవురి మాటకూ కరగరు, ఆయప్పకైతే కరుగుతారని నాకు తోచింది. మా మామ పంపల్యా. నేనే పంపిచ్చినా. చెప్పాలనిపిచ్చింది."

అంతటి మాటకారి అంతకుమించి ఒక్క మాట చెప్పలేకపోయాడు. ఆమె అతని వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను.

"ఆయప్పకు పని ఉండాదా ఇప్పుడు?" అని అడిగింది.

"ఉండాది. మా మామ దగ్గరే."

"పెద్దబిడ్డకు గుండెలో ఏందో ఉండాది, తిరుపతికి తీసకపోవాల అన్నాడు. తీసకపోయినాడా?"

 స్నేహితుడికి తెలియదు. ఆ సంగతే ఎవరూ అతనికి చెప్పలేదు. "కనుక్కుంటా," అన్నాడు. 

"కనుక్కోండి," అంది ఆమె. నాయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటింది.

నేనూ అతనూ అలా నిలబడిపోయాం. నా భార్య నన్ను పిలిచేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఏదో ఒకటి అనాల్సింది, ఇప్పటికీ అదేమిటో నాకు తోచదు. అతను కారు వైపు పోయాడు. మేం ముద్దనూరు బస్సెక్కాం.

ఇప్పటికీ నెలకో ఆదివారం ముగ్గురం ఆటకు కూర్చుంటాం. పెద్దాయన మంద సగానికి సగం తగ్గింది, ఉన్నవాటిని ఊరి దగ్గరి బీళ్లలో తిప్పుకుంటున్నాడు. పోయిన నెల స్నేహితుడు నా భార్య పని చేసే షాపుకు వచ్చాడట. తలనొప్పి మాత్రలు తీసుకుని, డ్రైవరు బిడ్డకు ఆపరేషన్ అయిందని, బాగుందని, ఆ మేడంకు చెప్పమని చెప్పి పోయాడట. నా గురించి అడిగాడా అన్నాను. అడగలేదంది.